నిద్ర కట్ట

మెక్సికోలో మా ఊరు ఆత్లీస్కో. దాని బజారులో నా కొట్టు ఎక్కడుందని ఎవరినీ అడగనక్కర్లేదు. కళ్ళ కింద నల్లచారలతో, చంకలో ఏడ్చే పిల్లతో ఒక తల్లి నడుస్తూ కనబడుతుంది. ఆమె వెనకే వెళితే చాలు, తిన్నగా నా దగ్గరికే తీసుకొస్తుంది. "దోన్యా దొమితీలా" అని నన్ను గౌరవంగా పిలిచి, "ఒక నిద్ర కట్ట" అంటుంది. లెట్యూస్ పైఆకులు నాలుగు, తుంచితే పాలు కారేవి. సీమచేమంతి పూలు గుప్పెడు. నారింజ ఆకులు ఏడు, దొరికే రోజుల్లో నారింజ పూలు కూడా. నారతో కట్టి చేతిలో పెడతాను. మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక తొట్టెలో పోసి పిల్లను మెడదాకా ముంచమంటాను. తీశాక శాలువలో చుట్టమంటాను, ఆ తర్వాత ఇంట్లో ఎవరూ గొంతు పెంచకూడదంటాను.

ముప్పై రెండేళ్ళుగా ఇదే పాఠం. ఈ ఊళ్ళో సగం మంది నా ఆకుల నీళ్ళలో మునిగి నిద్రపోయినవాళ్ళే. మొన్న కొట్టు ముందు నుంచి నా బండి తీయించేసిన ట్రాఫిక్ పోలీసు కూడా ఆ సగంలోవాడే, వాడికి ఆ సంగతి మొహం మీదే చెప్పాను.

ఊరందరి పిల్లలూ నా చలవతో నిద్రపోతారు. నా మనవరాలు ఇత్సెల్ మాత్రం మా వియ్యపురాలి ఒళ్ళో నిద్రపోతుంది.

ఆ వియ్యపురాలి పేరు ఓబ్దూలియా. మా కోడలు యరేలీ తల్లి. ఉత్తరాన కొండల్లో ఉంటుంది. కూతురు ప్రసవించాక నలభై రోజులు చూసుకోవడానికని ఒక సంచీతో బస్సు దిగింది. నలభై అయ్యాయి, ఎనభై అయ్యాయి, ఇప్పుడు తొమ్మిదో నెల. ఆ సంచీ ఇంకా అక్కడే ఉంది. పొట్టి మనిషి, వెడల్పాటి ఒళ్ళు, మాట తక్కువ. పిల్లను ఎత్తుకుంటే ముక్కుతో ఏదో కూనిరాగం తీస్తుంది, దానికి తలా తోకా ఉండదు. ఆ రాగానికే పిల్ల రెప్పలు వాలతాయి. నాకు కడుపు మండిపోతుంది.

దాచడమెందుకు, నాకు కుళ్ళు. నిలువునా కుళ్ళు.

మొదటి ఆకుల స్నానం నాడే మొదలైంది ఇదంతా. పిల్లకు నెల నిండింది. నేనే స్వయంగా కట్ట తయారుచేసుకుని, ఆ రోజు కోసమని దాచిన నారింజ పూలు దండిగా వేసి, చేతులు పైకి మడుచుకుని వెళ్ళాను. పిల్లను ఎత్తుకోగానే కెవ్వుమంది. అంతే, ఓబ్దూలియా వచ్చేసింది.

"నీ చేతులు చల్లగా ఉన్నాయి వదినా, పిల్ల ఉలిక్కిపడింది. ఇటియ్యి."

ఇచ్చాను. కోడలు నేల చూపులు చూసింది. మా అబ్బాయి ఇస్మాయెల్ నవ్వాడు. "అమ్మ పొద్దస్తమానం తడి ఆకుల్లోనే కదా చేతులు పెట్టేది, ఐసుముక్కల్లా ఉంటాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి, ఆ రాత్రి అన్నానికి కూర్చోకుండా పడుకున్నాను.

ఆ రోజు నుంచి పిల్లను ముట్టుకోలేదు. నన్ను ఎవరూ వద్దనలేదు, అది కూడా చెప్పాలి. నాకే రోషం. రమ్మని బతిమాలితే వెళదామని కూర్చున్నాను. ఎవరూ బతిమాలలేదు.

మా అబ్బాయి వాళ్ళ ఇల్లు మా వీధిలోనే, ఎదురుగా. నా వంటింటి కిటికీ తెరిస్తే వాళ్ళ వాకిలి, బట్టలుతికే రాతి తొట్టె, దాని పక్కన పిల్ల స్నానపు తొట్టె. రోజూ సాయంత్రం మా ఊరి పడమటి అగ్నిపర్వతం వెనక్కి ఎండ దిగే వేళకు ఓబ్దూలియా నీళ్ళు కలుపుతుంది. నేను కాఫీ గిన్నె చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడతాను. నా ఆకులే! నా కొట్టు నుంచి మా అబ్బాయి రోజూ పట్టుకెళ్ళే కట్టే! ఆ వాసన వీధి దాటి నా ముక్కుకు తగులుతుంది. ఆవిడ పిల్లను ముంచడం, తీయడం, శాలువలో చుట్టి ఊగడం, పిల్ల తల ఆవిడ భుజం మీదికి వాలిపోవడం, అన్నీ చూస్తాను. కాఫీ చల్లారిపోతుంది. రోజూ.

ఒక్కసారి మాత్రం ఆవిడకూ నాకూ కుదిరింది. యరేలీ ఫోనులో ఏదో చూసి లావెండర్ సబ్బునీళ్ళ సీసా కొనుక్కొచ్చింది. "ఇది రాస్తే పిల్లలు పన్నెండు గంటలు నిద్రపోతారట అత్తయ్యా" అంది. ఆ సీసా వాసన చూసి ఇద్దరం ఒకేసారి మూతి తిప్పాం. ఇప్పుడు దాంతో వాళ్ళు గచ్చు కడుగుతున్నారు.

మంగళవారం పొద్దున ఇస్మాయెల్ కట్ట కోసం వచ్చి, తీసుకుని వెళ్ళకుండా నిలబడ్డాడు. వాడు అలా నిలబడితే నాకు నచ్చనిది ఏదో చెప్పబోతున్నాడని అర్థం.

"సోమవారం నుంచి యరేలీ మళ్ళీ పూలమొక్కల నర్సరీలో పనికి వెళ్తోందమ్మా. పొద్దున ఆరింటికి వెళ్తే రావడం రాత్రి ఎనిమిదవుతుంది."

"వెళ్ళనీ. పిల్లని నేను చూసుకుంటా. కొట్లోనే ఊయల కడతా."

"అది కాదమ్మా. అత్తయ్యని ఇక్కడే ఉండిపోమన్నాం. స్నానం, నిద్ర అన్నీ ఆవిడ చేతిమీదుగానే అలవాటు కదా."

"నేను చచ్చాననుకున్నారా?"

"అబ్బా, మొదలెట్టావా! నువ్వసలు పిల్లని ఎత్తుకోవు కదమ్మా. ఆ మొదటి స్నానం తర్వాత ఒక్కసారైనా ఎత్తుకున్నావా?"

"ఆవిడ చెప్పిందా అలా అనమని?"

"ఆవిడేం అనలేదు. నేనే అంటున్నా."

నేను కట్టకు నార గట్టిగా బిగించాను. "ఒకవేళ ఆవిడ దగ్గర కూడా నిద్రపోకపోతే?"

వాడు నవ్వాడు. "అప్పుడు నీ దగ్గరే పెడతాంలే."

ఆ మాట వాడు సరదాకే అన్నాడు. నా బుర్రలో మాత్రం అది పాతుకుపోయింది. ఆ సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి ఓబ్దూలియా వంకే చూశాను. సోమవారం నుంచి ఆ భుజం మీదే పిల్ల తల, ఇక ఎప్పటికీ. ఆవిడ సంచీ ఇక కదలదు. రేపు పిల్లకు మాటలొస్తే మొదటి మాట ఆవిడనే పిలుస్తుంది. నేను ఎదురింటి ముసలిదాన్ని, ఆకులమ్మే ముసలిదాన్ని. ఒళ్ళంతా మంటెత్తినట్టయింది. కిటికీ ధడాలున మూశాను.

ఇక నేను చేసిన పని చెబుతాను. రాత్రి లారీలు తోలే డ్రైవర్లు, పరీక్షల పిల్లలు నా దగ్గర రోజ్‌మేరీ అనే ఘాటైన ఆకు కొంటారు. ఆ నీళ్ళతో స్నానం చేస్తే నిద్ర పారిపోతుంది. ఒంటికి హాని లేదు, మంచిదే. ఆ సంగతి నాకు నేనే పదిసార్లు చెప్పుకున్నాను. రోజ్‌మేరీ రెమ్మలు నూరి, వాసన తెలియకుండా పైన నారింజ ఆకు పొడి కలిపి, పల్చటి తెల్లబట్టలో మూడు మూటలు కుట్టాను. బుధ, గురు, శుక్రవారాలకు.

"ఇదేంటమ్మా కొత్తగా?" అన్నాడు ఇస్మాయెల్.

"కొత్త పద్ధతి. ఆకు తునకలు పిల్ల ఒంటికి అంటవు. మూటతో సహా నీళ్ళలో వేసెయ్యమను."

గురువారం పొద్దున వాడు ఎర్రబడ్డ కళ్ళతో వచ్చాడు. పిల్ల రాత్రంతా ఏడ్చిందట. నేను "అయ్యో" అన్నాను. లోపల మాత్రం ఎంత సంతోషమేసిందో! పక్క కొట్టు నడిపే చేలో అనే ఆమె దగ్గర రెండు తమాలేలు, మొక్కజొన్న పిండి ఆవిరి కుడుములు, కొని, రెండూ నేనే తిన్నాను. శుక్రవారం వాడు గడ్డం కూడా గీసుకోలేదు. "పళ్ళొస్తున్నాయేమో అని చిగుళ్ళు తడిమి చూశాం, ఏమీ లేదు" అన్నాడు. ఆ సాయంత్రం పిల్ల ఏడుపు వీధి దాటి నా వంటింట్లోకి వచ్చింది. ఓబ్దూలియా ఊపుతోంది, ఊపుతోంది, ఆ కూనిరాగం గొంతు పోయేదాకా తీస్తోంది. పిల్ల ఆగదు. నా సంతోషం కాస్త చేదెక్కింది. అయినా కిటికీ దగ్గరి నుంచి కదల్లేదు. చూస్తూనే ఉన్నాను.

శనివారం బజారు రద్దీ. మధ్యాహ్నానికి యరేలీ స్వయంగా వచ్చింది, పిల్లను చంకనేసుకుని. నా దగ్గరికొచ్చే తల్లులందరిలాగే కళ్ళ కింద నల్లచారలు.

"అత్తయ్యా, పిల్లకి దిష్టి తగిలింది."

"ఎవరన్నారు?"

"పొద్దున అమ్మ గుడ్డుతో ఒళ్ళంతా తుడిచి నీళ్ళలో కొట్టింది. పచ్చసొన మీద ఇంత కన్ను, నేను నా కళ్ళతో చూశా. ఎవరో పిల్లని ముచ్చటపడి చూసి, ముట్టుకోకుండా పోయారట. వాళ్ళే వచ్చి ముట్టుకుంటే గానీ పోదట."

ఇందులో విడ్డూరమేమీ లేదు, అది మాకందరికీ తెలిసిందే. ముద్దొచ్చే పిల్లను చూసి ఊరికే పోకూడదు, చెయ్యి వేయాలి. ఆశ చూపులోనే ఉండిపోతే పిల్లకు కొడుతుంది. అందుకే పసివాళ్ళ చేతికి ఎర్రదారం, దానికో గింజ కడతాం. ఇత్సెల్ చేతికీ ఉంది.

"పొద్దుట్నుంచి వీధివీధీ తిప్పాను" అంది యరేలీ. "పాలవాడు ముట్టుకున్నాడు. చర్చి మెట్ల దగ్గర పూలామె ముట్టుకుంది. ఆఖరికి గ్యాసుబండి వాడు కూడా చేతులు తుడుచుకుని ముట్టుకున్నాడు."

"నేను రెండుసార్లు ముట్టుకున్నా, నా లెక్క సరిపోయింది!" అని అరిచింది పక్క కొట్టు చేలో, తన తమాలేల ఆవిరి వెనక నుంచి. ఆ తర్వాత నా వంక చూసి, "ఎదురింటి కిటికీ లెక్కే తేలలేదు" అంది. దాని నోటికి తాళం వేసేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

యరేలీ నవ్వలేదు. "మీరొక్కరే మిగిలారు అత్తయ్యా. మా మీద ఏ కోపమున్నా సరే, రండి. సాయంత్రం స్నానం మీరే చేయించండి. అమ్మే చెప్పమంది."

ఎనిమిది నెలలు నేను ఎదురుచూసిన బతిమాలడం ఇదే. వచ్చింది, ఇలాంటి రోజు వచ్చింది. దిష్టీ లేదు గిష్టీ లేదు, అంతా నా రోజ్‌మేరీ పని అని నాకు తెలుసు. ఇవాళ అసలు కట్ట వేస్తే పిల్ల ఇట్టే నిద్రపోతుంది. అందరూ చూస్తారు. సోమవారం పిల్ల నాదే అవుతుంది. సిగ్గు వేసింది, కానీ సిగ్గు కంటే ఆశే ఎక్కువ వేసింది.

కొట్టు తొందరగా కట్టేసి ఎంచి ఎంచి కట్ట చేశాను. లెట్యూస్ ఇవాళ పొద్దున కోసింది. నారింజ పూలు ఎవరికో దాచినవి, వాళ్ళకు లేవని చెప్పేశాను.

వాళ్ళ వాకిట్లో నీళ్ళు నేనే మరిగించాను. ఓబ్దూలియా రాతి తొట్టె దగ్గర పిల్ల బట్టలు పిండుతోంది. నేను నా రెండు చేతులూ ఆ ఆవిరి మీద పెట్టాను. అరచేతులు, మళ్ళీ వెనకవైపు, చర్మం ఎర్రబడేదాకా. తర్వాత పిల్లను ఎత్తుకున్నాను.

ఎంత బరువుందో! కిటికీ నుంచి బరువు తెలియదు కదా. నా మొహంలోకి చూసి పెదవి విరిచింది, కానీ ఏడవలేదు. నీళ్ళలోకి దించాను. చేమంతి వాసన లేచింది. మెడ కింద చెయ్యి వేసి అటూ ఇటూ తేల్చాను. పొట్ట మీద ఒక నారింజ పువ్వు అంటుకుంటే దాన్నే చూస్తూ ఉండిపోయింది. తీసి, తుడిచి, శాలువలో చుట్టాను. ఏదైనా పాడాలి. నాకు పాట రాదు. బజారులో రోజూ అరిచే అరుపే గొంతు తగ్గించి మొదలుపెట్టాను. "సీమచేమంతి, తాజా తాజా... నారింజాకు, పుదీనా, వాము... రండమ్మా రండి..." రెండోసారి పుదీనా దాకా వచ్చేసరికి పిల్ల రెప్పలు వాలిపోయాయి.

యరేలీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నిద్రపోయింది, నిద్రపోయింది" అంటూ ఇస్మాయెల్‌కు చెప్పడానికి లోపలికి పరుగెత్తింది. నేను తలెత్తి ఓబ్దూలియా వంక చూశాను. గెలిచాననే చూశాను, అబద్ధమెందుకు.

ఆవిడ చేతులు తుడుచుకుని రాతి తొట్టె పక్క అరలోంచి ఏవో తీసింది. మూడు తెల్లబట్ట ముక్కలు. కుట్లు విప్పి, ఉతికి, మడతపెట్టి ఉన్నాయి.

"బట్ట మంచిది వదినా. పారేయబుద్ధి కాలేదు" అంది.

మూడింటి మీదా నా సూది పోట్లే.

"రోజ్‌మేరీ నాకు తెలీదనుకున్నావా? మా కొండ మీద మేకలు తొక్కేదే అది. మూట విప్పక్కర్లేదు, గుమ్మం దగ్గరే వాసన కొట్టింది. మూడు రోజులూ నా మోకాళ్ళకి కాపడం పెట్టుకున్నా. నొప్పి కాస్త తగ్గింది, నీ పుణ్యమా అని."

"మరి... పిల్లకి?"

"చర్చి వెనక కొట్లో లెట్యూస్, చేమంతి, నారింజాకు కొన్నా. రోజూ ఎలా పోస్తానో అలాగే పోశా."

అంటే రోజూ పడే ఆకులే పడ్డాయి. రోజూ పోసే చేతులే పోశాయి, రోజూ ఊపే ఒళ్ళే ఊపింది. నా రోజ్‌మేరీ ఒక్క రెమ్మ కూడా పిల్ల ఒంటికి తగల్లేదు. అయినా మూడు రాత్రులు పిల్ల కన్ను మూయలేదు. నా ఒళ్ళో ఉన్న ఆ బరువు ఒక్కసారిగా ఇంకా పెరిగినట్టనిపించింది.

"మంగళవారం సాయంత్రం కిటికీలో నీ మొహం చూశా" అంది ఓబ్దూలియా. "ఎనిమిది నెలల్నుంచీ చూస్తూనే ఉన్నాలే. ఆ రోజు చూపు మాత్రం వేరు. పిల్ల నా భుజం మీదే ఉలిక్కిపడింది. మర్నాటి నుంచి కన్ను మూయలేదు."

"వాళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ కొడుకు నిన్ను గడప తొక్కనిస్తాడా? పిల్లకి నాన్నమ్మ లేకుండా పోతుంది. ముట్టుకుంటే పోయేదానికి అంత గొడవెందుకని ఊరుకున్నా." ఆవిడ ఆ బట్టముక్కలు నా పక్కన గట్టు మీద పెట్టింది. "మొదటి రోజు నేనూ అలా లాక్కోకుండా ఉండాల్సింది. నీ చేతులు మరీ అంత చల్లగా ఏం లేవు."

నేను శాలువ అంచు పిల్ల పాదాల మీదికి లాగాను.

"సోమవారం బస్సుకి నేను మా ఊరు వెళ్ళిపోతా" అంది. "నీ దగ్గర నిద్రపోతోంది కదా. ఇక నేనెందుకు?"

నేను అడిగింది నాకు దొరికింది. స్నానం నాది, నిద్ర నాది, సోమవారం నాది. ఆవిడ రాతి తొట్టెకు ఆనుకుని నిలబడింది. చేతుల్ని ఏప్రన్‌లో చుట్టుకుంది, పొరపాటున కూడా ముందుకు రాకుండా గట్టిగా చుట్టుకుంది. కళ్ళు మాత్రం పిల్ల మీదే. రెప్ప వేయడం లేదు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎనిమిది నెలలు కిటికీ దగ్గర నిలబడి చూసింది నేనే కదా. కడుపులో ఏం మండుతోందో ఆవిడ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. పిల్ల శాలువలో ఒకసారి కదిలింది.

"ఇలా రా వదినా" అన్నాను. "ముట్టుకో."

"వద్దులే, లేస్తుంది."

"ముట్టుకోకపోతేనే లేస్తుంది. రా! నీ కొండ ఎక్కడికీ పారిపోదు. చెయ్యి పెట్టు."

వచ్చింది. ఏప్రన్‌లోంచి చెయ్యి తీసి, నా భుజం మీదుగా వంగి, పిల్ల నుదుటి మీద పెట్టింది. సాయంత్రమంతా బట్టలు పిండిన చెయ్యి. దాని అంచు నా చేతికి తగిలింది.

"నీ చేతులు చల్లగా ఉన్నాయి వదినా" అన్నాను.

పిల్ల ఉలిక్కిపడలేదు.